పన్ను కోయమని ప్రాధేయపడిన ఏడాది

జూలై 31. తొలి జీతం అందింది. పన్ను కోత లేదు. కారణం అడిగితే నవ్వారు.

ఆగస్టు 31. కోత లేదు. మొదటి లేఖ సమర్పించాను. జవాబు రాలేదు.

అక్టోబరు 30. కోత లేదు. నా రెండో లేఖ మీద కాఫీ కప్పు మోపిన గుండ్రని మరకను కళ్లారా చూశాను.

జనవరి 29. కోత లేదు. నాలుగో లేఖ. ఒంట్లో బాగుందా అని మాత్రం అడిగారు.

ఏప్రిల్ 30. కోత జరిగింది. జీతం మొత్తం.

ఈ అయిదు పద్దులనూ నా పాత డైరీ నుంచి అక్షరం మార్చకుండా ఎత్తిరాశాను. ఆ రోజుల్లో, రెండువేల సంవత్సరం వచ్చిన మరుక్షణం ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరచి కూలబడతాయని ఒక భయం పుట్టింది. ఆ భయం పుణ్యమా అని, పాతకాలపు ప్రోగ్రాములు తప్ప మరొకటి తెలియని మాబోటి వాళ్లకు కూడా విమానయోగం పట్టింది. అలా నేను ముప్పై మూడో ఏట సింగపూరులో దిగాను. అంతకుముందు తొమ్మిదేళ్లు హైదరాబాదులో ఒక ప్రభుత్వ సంస్థలో పనిచేశాను. అక్కడ జీతం నా చేతికి రాకముందే అందులోంచి పన్ను వెళ్లిపోయేది. ఏడాది చివర, ఫలానా మొత్తం నేను ప్రభుత్వానికి చెల్లించానని ధ్రువీకరిస్తూ ఒక కాగితం వచ్చేది. నేను ఎన్నడూ చూడని సొమ్మును నేనే కట్టానని ఆ కాగితం చెప్పేది, నేను నమ్మేవాణ్ణి. (తొమ్మిదేళ్ల కాగితాలూ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి, కోరినవారికి చూపగలను.) అలాంటివాడికి, ఒప్పందంలో రాసిన జీతం చిల్లర సహా పూర్తిగా బ్యాంకులో పడితే సంతోషం కలగకపోగా దిగులు పట్టుకుంది. ఎక్కడో ఎవరో పొరపాటు చేశారు, రేపు నా మెడకు చుట్టుకుంటుంది అనుకున్నాను.

మా కంపెనీలో జీతాల వ్యవహారం చూసే చైనీస్ మేడమ్ ఒకావిడ ఉండేవారు. ఎప్పుడు వెళ్లినా ఆవిడ బల్ల మీద ఒక కాఫీ కప్పు, ఒక కాలిక్యులేటరు, నా లేఖలు ఉండేవి. మొదటి నెలలో నేను వెళ్లి, నా పన్ను కోయడం మరచిపోయారని వినయంగా విన్నవించాను. "నో నీడ్ లా. హియర్ నోబడీ కట్. నెక్స్ట్ ఇయర్ బిల్ కమ్, యూ పే యువర్‌సెల్ఫ్," అన్నారావిడ. వచ్చే ఏడాది బిల్లు వస్తుందట, నేనే వెళ్లి కట్టుకోవాలట. (మాట చివర 'లా' తగిలించడం అక్కడివారి అలవాటు.) ఒక ప్రభుత్వం తన పౌరుడైనా కాని మనిషి చేతిలో తన సొమ్మును ఏడాది పొడుగునా వదిలేసి, గుర్తుపెట్టుకుని కట్టు నాయనా అంటుందంటే నాకు నమ్మశక్యం కాలేదు. అందుకే లేఖలు రాశాను. ఒక్కొక్కటీ మూడు ప్రతులు తీసి, ఒకటి ఆవిడకు, ఒకటి మేనేజరుకు ఇచ్చి, మూడోది నేను దాచుకున్నాను.

సింగపూరు శివారులోని బుకిట్ పంజాంగ్‌లో మేమున్న ఫ్లాట్‌లో నా గది పంచుకున్నది కరీంనగర్ నుంచి వచ్చిన ఒక ప్రోగ్రామరు. వేరే కంపెనీలో పని. నాకంటే ఏడేళ్లు చిన్నవాడు. అతన్ని అందరూ జల్సా అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. వచ్చిన మూడు నెలల్లో కెమెరా, పాటల పెట్టె, ఒక తోలు కోటు కొన్నాడు. (చలికాలమే లేని ఊళ్లో తోలు కోటెందుకని అడిగితే, ఆఫీసులో ఏసీ ఎక్కువ అన్నాడు.) పన్ను కోసం ఏమైనా దాస్తున్నావా అని నేనడిగినప్పుడు అతను చెప్పిన సిద్ధాంతాన్ని ఆనాడే డైరీలో రాసుకున్నాను.

"అన్నా, ఇండియాల నువ్వు ఎన్నడన్న నీ చేత్తోని పన్ను కట్టినవా?"

"నా జీతంలోంచి కోసేవారు కదయ్యా."

"నీకు చూపియ్యని పైసలు నీయి ఎట్లయితయే? మీ ఆఫీసోళ్లు కట్టిన్రు, నీ పేరు రాసిన్రు. నీ జీతం ఎంతంటే ఏం చెప్తుంటివి? చేతికొచ్చిందే చెప్తుంటివి గద."

నిజమే, నేనెప్పుడూ చేతికొచ్చినదే చెప్పేవాణ్ణి. ఆ మాట నన్ను వారం రోజులు బాధించింది. బాధ తీరే మార్గం కూడా నేనే కనిపెట్టాను. వాళ్లు కోయనప్పుడు నేనే కోసుకుంటాను. నెల మొదటి తేదీన జీతంలో మూడో వంతు తీసి బ్యాంకులో ఏడాది డిపాజిట్టు వేసి, 'పన్ను నిమిత్తం మినహాయించడమైనది' అని రసీదు రాసుకుని, ఇచ్చినవాడిగా ఒకవైపు, పుచ్చుకున్నవాడిగా మరొకవైపు సంతకం చేసుకునేవాణ్ణి. (మూడో వంతే ఎందుకంటే, మన దేశంలో పన్ను రేట్ల పై మెట్టు మీద ఉన్నవాళ్లకు సుమారుగా అంత పడేది. ఇక్కడి రేటు అడిగి తెలుసుకోవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.) మరో భాగం ఇంటికి పంపగా మిగిలినదానితో గుడ్లు, అన్నం తిని బతికాను. జల్సా ఎదుటి కుర్చీలో కూర్చుని తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్ నుంచి తెచ్చిన వేయించిన చేపను ముల్లు ముల్లుగా ఒలుచుకు తింటూ, "సర్కారు తిన్నదా అన్నా ఇయ్యాల?" అని అడిగేవాడు.

అలా ఉండగా మరో కంపెనీలో ఇంకాస్త మంచి ఉద్యోగం దొరికింది. ఏప్రిల్ ఒకటిన రాజీనామా ఇచ్చాను. మే తొమ్మిదిన మా ఆవిడ, మూడేళ్ల మా అమ్మాయి రావడానికి టిక్కెట్లు కొన్నాను. మార్చి జీతం ఆ టిక్కెట్లకే సరిపోయింది. నాలుగు బ్లాకుల అవతల ఒక ఇల్లు మాట్లాడుకున్నాను. ఇంటాయన పూర్వీకులు ఎప్పుడో కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవారు. ఆయన తెలుగులో సగం తమిళం, కాస్త మలయ్ కలిసి వినడానికి కమ్మగా ఉండేది. "మకాన్ అయిందా తంబీ?" అని భోజనం సంగతి అడిగాకే ఏ మాటైనా మొదలుపెట్టేవారు. అయితే డబ్బు దగ్గర మాత్రం ఆయన మాటలో కలగాపులగం లేదు. "డిపాజిట్టు, ఒక నెల అద్దె కలిపి పన్నెండు వందల డాలర్లు. మే అయిదు, బుధవారం సాయంత్రం దాకా ఆగుతాను తంబీ. అది దాటితే ఇంకో ఫ్యామిలీ రెడీగా ఉన్నారు. నా మీద కోపించుకోకూడదు." ఏప్రిల్ జీతం శుక్రవారం వస్తుంది, బుధవారానికి ఇస్తానని మాట ఇచ్చాను.

శుక్రవారం బ్యాంకులో ఒక్క డాలరు పడలేదు. మేడమ్ దగ్గరికి వెళ్లాను. విదేశీయుడు ఉద్యోగం మానితే, అతను పన్ను ఎగ్గొట్టి పోకుండా ఆఖరి జీతం మొత్తాన్ని కంపెనీ పట్టి ఉంచాలట. పన్ను శాఖ లెక్క తేల్చి ఉత్తర్వు పంపాక మిగిలినది ఇస్తారట. దానికి నెల పడుతుందట. నేను మారుతున్నది దేశం కాదు, వీధి అని చెప్పాను. రూల్ అన్నారు. సంచిలోంచి నా లేఖల ప్రతులు తీసి వరుసగా బల్ల మీద పరిచాను. తొమ్మిది నెలలు కోయండి కోయండి అని మీ కాళ్లావేళ్లా పడితే ఒక్క డాలరు కోయని మీరు, ఇప్పుడు నా భార్యాబిడ్డలు వచ్చే వేళకు మొత్తం కోస్తారా అని అడిగాను. ఆవిడ ఒక్కొక్క లేఖనూ ఓపికగా చూసి, కళ్లజోడు తీసి, "యూ ఆస్క్ అస్ టు కట్, రైట్? నౌ కట్ ఆల్రెడీ. వై యూ నాట్ హ్యాపీ?" అన్నారు. ఆవిడ వెక్కిరించలేదు, నిజంగానే తెలుసుకోగోరి అడిగారు. లేఖలను మళ్లీ వరుస తప్పకుండా సంచిలో సర్దుకున్నాను.

శని, ఆది, సోమవారాలు గడిచాయి. మంగళవారం సాయంత్రం నా జేబులో యాభై మూడు డాలర్లున్నాయి. జల్సా ఆఫీసు నుంచి వచ్చి నా ముఖం చూసి సంగతి అడిగాడు. చెప్పాను.

"గా డిపాజిట్లున్నయ్ గద బ్యాంకుల. ఒకటి ఇరగ్గొట్టు."

"అది నాది కాదు. పన్ను సొమ్ము."

"ఎవరన్న అడిగిన్రా నిన్ను? బిల్లొచ్చిందా?"

"రాకపోయినా నాది కాదు."

అతను కాసేపు నన్ను వింత జంతువును చూసినట్టు చూశాడు. మా నాన్నగారు తాలూకా కచేరీలో గుమాస్తా. శిస్తు డబ్బు సంచిలో ఉండగా బస్సు చార్జీకి లేక ఆరు మైళ్లు నడిచి వచ్చిన మనిషి. అదంతా జల్సాకు చెప్పాను.

"నాయిన నడిచిండు, మంచిగనే ఉన్నది," అన్నాడు. "మరి ఎయిర్‌పోర్టు నుంచి వదినను, బిడ్డను ఏడికి నడిపిస్తవే? సర్కారుకు దాసనీకి ఉన్నయ్, ఇంటికి కట్టనీకి లెవ్వా?"

అతను చెప్పులేసుకుని బయటికి వెళ్లి, పావుగంటలో తిరిగి వచ్చి నా ముందు నోట్లు పెట్టాడు. పన్నెండు వందలు అప్పుగా ఇస్తున్నానన్నాడు. నేను లెక్కపెట్టాను. పదకొండు వందల అరవై ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను.

"నలభై తక్కువున్నాయి."

"తక్కువ కాదన్నా. మూలంలనే కోసిన. నీకు గట్లనే ఇష్టం గద."

నా జేబులోని నలభై కలిపి బుధవారం మధ్యాహ్నమే ఇంటాయనకు కట్టి రసీదు తీసుకున్నాను. పదమూడు డాలర్లతో నాలుగు రోజులు గడిపి, కొత్త కంపెనీలో తీసుకున్న చిన్న అడ్వాన్సుతో ఆదివారం విమానాశ్రయానికి వెళ్లాను.

కొత్త ఇంటి తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే మా ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్లింది. అక్కడ గట్టు మీద చిన్న బియ్యం బస్తా, కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి, గోంగూర పచ్చడి సీసా, పిల్లకు పాలపొడి డబ్బా వరుసగా ఉన్నాయి. జల్సా వచ్చి తాళం అడిగి తీసుకుని సామాను పెట్టి వెళ్లాడని ఇంటాయన మెట్ల దగ్గరే నా చెవిలో వేశారు. మా ఆవిడ సీసా చేతిలోకి తీసుకుని, "పాలపొడితో సహా గుర్తుపెట్టుకుని తెచ్చారా? మీకింత తెలుసనుకోలేదండీ," అంది. మా పెళ్లయిన అయిదేళ్లలో ఆ గొంతులో అంత మెత్తదనం వినలేదు. నేను "ఊఁ" అన్నాను. ఆనాటి డైరీలో 'వంటసామాను: ఉన్నది' అని మాత్రమే రాసుకున్నాను. నా రికార్డులలో నేను సిగ్గుపడే పద్దు అదొక్కటే.

ఆ "ఊఁ" ఇరవై రెండు రోజులు నిలిచింది. నెలాఖరుకు ఉత్తర్వు వచ్చింది. పన్ను మొత్తం నేను దాచినదాంట్లో అయిదో వంతుకు మించలేదు. (అనగా నేను తిన్న గుడ్లలో ప్రతి అయిదింటికి నాలుగు అనవసరంగా తిన్నవి.) మిగిలిన జీతం అందిన రోజే జల్సాను భోజనానికి పిలిచి పన్నెండు వందలు చేతిలో పెట్టాను. అతను నలభై తీసి నా కంచం పక్కన పెట్టాడు.

"నీకిచ్చింది పదకొండు వందల అరవై. గంతే తీసుకుంట."

"మరి కోసి వంటింటి సామానుకు పెట్టిన నలభై?"

"అది నువ్వే కట్టినవ్. కోత పడ్డది నీకు గద."

"కోత నాకు పడితే అప్పు పన్నెండు వందలు కావాలి. నువ్వు పదకొండు వందల అరవయ్యే తీసుకుంటే ఆ డబ్బు నీ జేబులోంచి పోయినట్టు."

"నా చేతిల ఉండె, నీ పేరు మీద పోయింది. మీ ఆఫీసోళ్ల లెక్కనే."

వడ్డిస్తున్న మా ఆవిడ గరిటె ఆపింది. "ఏమండీ, ఆ సామాను తమ్ముడు తెచ్చిందా? మరి ఆ రోజు ఊఁ అన్నారు?" జల్సా కంచంలోకి తలవంచుకుని పప్పు కలుపుకున్నాడు. అతని భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అప్పటినుంచి పాతికేళ్లు దాటింది. జల్సా ఇప్పుడు సింగపూరులోనే పుంగ్గోల్‌లో ఉంటున్నాడు, జుట్టు నాకంటే ముందే నెరిసింది. కలిసిన ప్రతిసారీ ఈ చర్చ వస్తుంది. అతని కూతురు, "అంకుల్, ఫార్టీ డాలర్స్ ఓన్లీ లా," అంటుంది. ఆ అమ్మాయికి ఎలా చెప్పను? మూడో వంతు జీతాన్ని తాళం వేసి, పక్కన రసీదులు పేర్చుకుని, ఒక పాలపొడి డబ్బాకు దిక్కులేక కూర్చున్న ఆ ముప్పై మూడేళ్ల మనిషిని తలచుకుంటే నాకు కోపమూ వస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ రెండూ అయ్యాక ఇంకొకటి కూడా వస్తుంది. దాన్ని రాసుకునే గడి నా డైరీలో లేదు.

కావున పుంగ్గోల్ వాస్తవ్యుడైన జల్సాకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: సదరు నలభై డాలర్లు వాస్తవంగా ఎవరు కట్టినట్టో, కారణాలతో సహా, పదిహేను రోజులలోగా లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలెను. నోటిమాటలు, ఫోనులో నవ్వడం, మాట మార్చి భోజనానికి పిలవడం జవాబుగా పరిగణింపబడవు. గడువులోగా జవాబు రాని పక్షంలో ఆ సొమ్ము నీవే కట్టినట్టు నమోదు చేసుకుని, పాతికేళ్లుగా నీవు తప్పించుకు తిరుగుతున్న కృతజ్ఞతను మీ ఇంటికే వచ్చి, అందరి ఎదుట, ఏ కోతా లేకుండా చెల్లించవలసి వస్తుందని హెచ్చరించడమైనది.