గేదె మాత్రల ప్లేటు

ముందే చెప్తున్నా, ఎవరూ నవ్వకూడదు. మొన్న హైటెక్ సిటీలో, అద్దాల గదిలో, పెద్దమనిషి ఎదురుగా నా పరువు ఎలా పోయిందో చెప్తాను. నోట్లో టీ ఉంటే మింగేయండి. పొలమారితే నా పూచీ లేదు.

బాచుపల్లి దాటాక మా షెడ్డు ఉంది కదా, నేనూ యాదగిరీ పార్ట్‌నర్లం. ఉన్నది ఒక్క సీఎన్‌సీ మిషన్. అల్యూమినియం దిమ్మ బిగించి, కట్టర్ ఎటు నుంచి ఎటు వెళ్లాలో చెప్తే అలా కోసిపెడుతుంది. ఆ చెప్పడమేదో ఇన్నాళ్లూ యాదగిరే చూసుకునేవాడు. మిషన్ ముందు నిలబడి ఒక్కో లైనూ టైప్ చేసేవాడు. చిల్లులూ చదరాలూ అయితే ఫరవాలేదు. వంపులొచ్చాయా, "అన్నా, ఇగ నాతోని కాదు" అని చేతులెత్తేసేవాడు.

సరిగ్గా అప్పుడే తగిలారు ప్రభాకర్ గారు. కడప మనిషి. మందుల కంపెనీలకి ప్యాకింగ్ మిషన్లు చేయిస్తారు. ఆయనకి టాబ్లెట్లు కూర్చునే ప్లేట్లు కావాలి. ప్లేటంటే రేకు కాదండీ, అల్యూమినియం పలక. దాన్నిండా టాబ్లెట్ పట్టేంత గుంటలు, గుంట అడుగున గాలి లాగడానికి సన్న చిల్లులు. అన్నీ వంపులే!

"క్యామ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకో సామీ. డ్రాయింగ్ ఇస్తే కట్టర్ దారి అదే గీస్తాది. నువ్వు మంచిది చూసుకున్నావంటే పని నీదే. ఈ వారంలో తేల్చకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తా" అన్నారు.

అంతే, నాకు నిద్ర కరువైంది. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? ఒకాయన ఇది తీసుకోమంటాడు. ఇంకొకాయన "అయ్యో, అదా!" అని నోరు చప్పరిస్తాడు. దొరికిన ట్రయల్ వెర్షన్లన్నీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించేశా. అది ఆన్ అయ్యేలోపు స్నానం చేసి రావచ్చు. ఒకదాంట్లో ఉన్న బటన్ ఇంకోదాంట్లో ఉండదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే తిరగాలనిపిస్తుంది. మా ఆవిడ సుజాత నానక్‌రామ్‌గూడ ఆఫీసులో రోజంతా మీటింగులతో వేగి ఇంటికొచ్చేది. "ఏమండీ, ఆ కాలు ఊపడం ఆపండి, సోఫా అంతా ఊగుతోంది" అనేది. ఆపేవాణ్ని. రెండో కాలు మొదలెట్టేవాణ్ని.

ఈ గోలలోనే ఆదివారం పూట ఆవిడ వంటింట్లోంచి సొట్టపడ్డ ఇడ్లీ ప్లేటు తెచ్చి నా ముందు పడేసింది.

"పేరుకి మిషన్ షాపు. ఇంట్లో ఒక ఇడ్లీ ప్లేటుకి దిక్కు లేదు."

పౌరుషం వచ్చింది నాకు. అక్కడికక్కడే ల్యాప్‌టాప్ తీసి డ్రాయింగ్ గీసేశా. నాలుగు గుంటలు, అడుగున ఆవిరికి చిల్లులు, మధ్యలో స్టాండు కడ్డీకి పెద్ద చిల్లు. పేరు 'ప్లేట్ ఫైనల్' అని పెట్టి సేవ్ చేశా. ప్రభాకర్ గారి డ్రాయింగ్‌కి 'ప్లేట్ ఫైనల్ న్యూ' అని ఉంది.

ఏంటా చూపు? అప్పుడే అర్థమైపోయిందా? అయినా సరే, మొత్తం వినాల్సిందే.

హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ వాళ్లకి డెమో సెంటర్ ఉంది. "మీ పార్ట్ ఫైలే పంపండి సార్. మీ ముందే ప్రోగ్రాం చేసి, మా మిషన్ మీద కోసి చూపిస్తాం" అన్నారు. బ్రహ్మాండం అనుకుని ప్రభాకర్ గారిని కూడా అక్కడికే రమ్మన్నా. ఆటోలో కొత్తగూడ దగ్గర ఇరుక్కుని ఉండగా వాళ్ల ఇంజినీర్ కీర్తన ఫోన్ చేసింది. "సార్, ఫైల్ ఇంకా రాలేదు." ఒక చేత్తో ఆటో కడ్డీ, ఒక చేత్తో ఫోను. ల్యాప్‌టాప్ ఫైళ్లన్నీ ఫోన్లోనూ కనపడతాయిగా, 'ప్లేట్' అని వెతికా, పైన కనపడింది నొక్కా, పంపేశా. యాదగిరికి కూడా అదే మెయిల్ కొట్టా, పార్ట్‌నర్ కదా, చూసుకుంటాడని.

వెళ్లి కూర్చున్నా. కూర్చున్నా అన్నది మాటవరసకే. వాళ్ల కుర్చీకి చక్రాలున్నాయి. నేను ఊగుతుంటే అది గోడ దాకా వెళ్లిపోతోంది. ఇలా కాదని లేచి కిటికీ దగ్గర నిలబడ్డా, ప్రభాకర్ గారి కారు వస్తుందేమోనని. ఈలోగా యాదగిరి ఫోను. "డెమోలో ఉన్నా" అని కట్ చేశా.

వెనక నుంచి కీర్తన అడిగింది. "సార్, టాబ్లెట్ ఇంత పెద్దగా ఉంటుందా?"

నేను వెనక్కి తిరగలేదు. "కస్టమర్ ఎంత చెప్తే అంతేనమ్మా. పశువుల మందేమో!"

"ఓ, వెటర్నరీ!" అని రాసుకుంది.

మళ్లీ యాదగిరి. మళ్లీ కట్.

"అడుగున ఈ చిన్న హోల్స్ సార్?"

"గాలికమ్మా."

"లోపల ఫినిష్ ఎలా ఉండాలి?"

"అద్దంలా ఉండాలి. ఏదీ అంటుకోకూడదు."

"మధ్యలో పెద్ద హోల్?"

"బిగించుకోడానికి ఉంటుందిలే."

ఒకసారి స్క్రీన్ వైపు చూశా, చూడలేదని కాదు. ఒక్క గుంటనే పెద్దది చేసి పెట్టింది. అందులో రంగురంగుల గీతలు గుండ్రంగా తిరుగుతున్నాయి. అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయో! మనకి అది చాలు. "కానివ్వమ్మా, కోసెయ్" అన్నా.

మిషన్ మొదలైంది. లోపల కట్టర్ వేడెక్కకుండా తెల్లగా కూలెంట్ నీళ్లు చిమ్ముతున్నాయి, తలుపు అద్దంలోంచి ఏమీ కనపడటం లేదు. నేను అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ. ఫోన్ మోగుతూనే ఉంది, నేను నొక్కుతూనే ఉన్నా. ఈలోగా ప్రభాకర్ గారు రానే వచ్చారు. మిషన్ ఆగింది. కీర్తన గాలి కొట్టి, గుడ్డతో తుడిచి, ప్లేటు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ధగధగా మెరిసిపోతోంది.

ఆయన అటు తిప్పారు. ఇటు తిప్పారు. గుంటలో పిడికిలి పెట్టి చూశారు. సరిగ్గా పట్టింది.

"ఏంది సామీ ఇది?"

"మీ ప్లేటే సార్!"

"మాదా?"

పాపం కీర్తన నాకు సాయం వచ్చింది. "గేదెల టాబ్లెట్‌కి కదా సార్. వెటర్నరీ."

ఆయన ఆ పిల్ల వైపు జాలిగా చూశారు. "ఇంత మాత్ర మింగితే గేదె బతుకుతాదా తల్లీ?"

అప్పుడు చూశానండీ నేను, మొదటిసారి, కళ్లు పెట్టి. నేను వాటిని గుర్తుపట్టే లోపే ఆ నాలుగు గుంటలూ నన్ను గుర్తుపట్టాయి. కాళ్లలో ఊపు ఆగిపోయింది. ఇన్ని రోజుల్లో నేను కదలకుండా నిలబడ్డది అప్పుడే.

కానీ నోరు ఆగదుగా! "కావాలనే ఇచ్చాను సార్. మీ ప్లేటు కంటే కష్టమైన టెస్ట్ పీసు. ఇది కోయగలిగితే మీది మంచినీళ్లు తాగినంత సులువు!"

ఆయన తల ఊపారు. "ఆలోచన బాగుంది సామీ. తెలివైనోడివే."

గండం గడిచింది! ప్రాణం లేచొచ్చింది. మళ్లీ ఫోన్ మోగింది. ఇప్పుడు మనకి ధైర్యం వచ్చేసింది కదా. "మా పార్ట్‌నర్ సార్. మీ పని గురించే పొద్దుట్నుంచీ పరేషాన్ అవుతున్నాడు" అని గొప్పగా చెప్పి స్పీకర్ నొక్కా.

"అన్నా! జర ఫోన్ ఎత్తరాదే! ఎన్నిసార్లు చెయ్యాలె? నువ్వు పంపింది టాబ్లెట్ ప్లేటు కాదు, గది ఇడ్లీ ప్లేటు! వదిన గిన్నెలది! జల్ది ఆపుమను ఆ పిల్లను. ప్రభాకర్ సార్ చూసిండంటే మన ఇజ్జత్ పోతది!"

స్పీకర్ ఆపుదామని తడుముకునేలోపే అంతా వినపడిపోయింది.

ప్రభాకర్ గారు ఫోన్ వైపు వంగి నెమ్మదిగా అన్నారు. "చూసినాలే యాదగిరీ."

అవతల్నుంచి సన్నగా వినపడింది. "నమస్తే సార్."

కీర్తన "మంచినీళ్లు తెస్తాను సార్" అని బయటికి పరిగెత్తింది. అద్దాల గది కదా, కారిడార్‌లో గోడకి ఆనుకుని ఆ అమ్మాయి భుజాలు ఎలా ఎగిరెగిరి పడుతున్నాయో మా ఇద్దరికీ కనపడుతూనే ఉంది. నీళ్లు మాత్రం తేలేదు.

ప్రభాకర్ గారు నవ్వలేదు. వేలితో గుంట చుట్టూ రాసి చూశారు. "మనిషి సంగతి ఎట్లున్నా ఫినిష్ మాత్రం బాగొచ్చింది. అసలు ఫైలు తెరిపించు. ఈసారి కీర్తనమ్మకు పంపేదానికి ముందు నేను చూస్తా" అన్నారు. తెరిపించా. చూశారు. వాళ్ల గుంటలు వేలి గోరంత ఉన్నాయి. ఆ అమ్మాయి కట్టర్ దారులు గీసి, స్క్రీన్ మీదే కోసి చూపించింది. ఆయనకి నచ్చింది. పని మాకే ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ కూడా అదే తీసుకున్నాం. అన్నీ పోల్చి చూసి తేల్చానని అనుకోకండి. ఇంకో కంపెనీ డెమోకి వెళ్లే మొహం నాకు లేదు.

ఇక ఇంటికొచ్చా. ప్లేటు సుజాత చేతిలో పెట్టా. జరిగిందంతా చెప్పలేదు, "స్పెషల్‌గా చేయించాను" అన్నానంతే. మురిసిపోయింది. మర్నాడు పొద్దున్నే పిండి పోసి స్టాండుకి ఎక్కించింది. ఆ బరువుకి స్టాండు ఒక పక్కకి ఒరిగింది. సరే, మళ్లీ నిలబెట్టింది. మామూలుగా ఉడికే టైమ్ అయిపోయింది. ఇంకాసేపు ఉంచింది. ఇంకాసేపు. నేను వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నా. చివరికి తీసి పళ్లెంలో బోర్లించింది.

ఏదీ అంటుకోలేదండీ! అద్దం మీద నీళ్లలా జారింది. పిండి, పిండిలాగే!

సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు. అడుగు పలచగా ఉండాలని నేను గీస్తే కదా అది కోసేది! నేను దిమ్మంత మందం గీశా, అది బుద్ధిగా దిమ్మంత మందం వదిలేసింది. ఆవిరి ఆ దిమ్మని వేడి చేసేసరికి మా ఆవిడ ఆఫీసు టైమ్ దాటిపోయింది.

చట్నీ ఉంది కదా అని బ్రెడ్డుకి రాసుకుని తింటుంటే సుజాత అడిగింది.

"ఏమండీ, ఆ సాఫ్ట్‌వేర్ కొనేముందు కొన్నాళ్లు ఊరికే వాడి చూసుకోమని ఇస్తారన్నారు, ఏమంటారు దాన్ని?"

"ట్రయల్ వెర్షన్."

"ఆఁ, అదే. నచ్చకపోతే తీసేయొచ్చా?"

"తీసేయొచ్చు. ఏం?"

"ఏం లేదు. మీ సంబంధం వచ్చినప్పుడు మా నాన్నకి ఎవరూ ఆ సంగతి చెప్పలేదు."