గంగమ్మ బల్ల బొంత

ఖాజాగూడ చెరువు పక్కన గంగమ్మ నడిపే ఆడపిల్లల హాస్టల్లో ఎవరి బట్టా పూర్తిగా మిగలదు. గంగమ్మ మిగలనివ్వదు. మనిషి ఎదురైతే ఆమె చూపు ముందు ముఖం మీద కాదు, చున్నీ అంచు మీద పడుతుంది. నాలుగు రోజులు తిరక్కుండానే ఆ బట్ట లోపలి మడతలో అగ్గిపెట్టె అంత ముక్క మాయమవుతుంది. పైకి కనబడదు. చిరుగు కాదు, కొరుకుడు కాదు. నాలుగు మూలలూ తిన్నగా, శ్రద్ధగా కోసినట్టుంటుంది. అసలు భయం ఆ శ్రద్ధ చూస్తేనే.

"ఆంటీ, నా కుర్తా ఎవరో కోశారు" అని స్వాతి మొదటిసారి అడిగితే, గంగమ్మ కనురెప్ప ఆడించలేదు.

"ఎలుకలేమో మ్మే."

"ఎలుకలు స్కేలు పెట్టి కొరుకుతాయా ఆంటీ?"

"ఐటీ కంపెనీల కాడుండే ఎలుకలు గదా, సదువుకున్నవి."

అంటున్నప్పుడు కూడా ఆమె బొడ్లో కత్తెర ఉంది. అది లేకుండా గంగమ్మని చూసినవాళ్లు లేరు. కొత్తిమీర కట్టలు, పాల ప్యాకెట్లు, పిల్లల మధ్య గీజరు కోసం జరిగే తగువులు, అన్నీ ఆ కత్తెరతోనే తెంచుతుంది. వెనక బండరాళ్ల నీడ పడి పగలే చీకటిగా ఉండే వరండాలో ఆమె నడుస్తుంటే, ముందు కత్తెర చప్పుడు వినిపిస్తుంది, తర్వాత మనిషి కనిపిస్తుంది. ఒక్కోసారి చప్పుడు మాత్రమే వినిపిస్తుంది, మనిషి కనిపించదు.

స్వాతితో గది పంచుకునే సిద్దిపేట పిల్ల అఖిల ఒకరోజు తలుపు మూసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఏందక్కా, నీకు సమజ్ అయితలేదా? బట్ట ముక్క కోసుకపోతే ఏం చేస్తరో మా ఊర్ల చిన్నపిల్లను అడిగినా చెప్తది."

"చేతబడి అంటావా?"

"నేను అనలే. నువ్వే అన్నవ్."

స్వాతిది మదనపల్లె. డేటా లేనిదే ఏ మాటా నమ్మని ఉద్యోగం చేసింది. అందుకే డేటా వెతికింది. కుర్తా ముక్క పోయిన వారానికే కంపెనీ ఆమెని తీసేసింది. ఆ తర్వాత వెళ్లిన ఇంటర్వ్యూలన్నీ చివరి మెట్టు దాకా వచ్చి జారిపోయాయి. ఇంకేం రుజువు కావాలి? పక్క గది మమత చున్నీ ముక్క పోయాక మమతకి ప్రమోషన్ వచ్చిందన్న సంగతిని మాత్రం ఆమె లెక్కలోకి తీసుకోలేదు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లోనూ చెప్పలేదు, హాస్టల్లోనూ చెప్పలేదు. రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని గచ్చిబౌలి బస్సెక్కేది. సాయంత్రం దాకా ఏ కాఫీ కొట్టులోనో కూర్చుని ఫోన్లోనే దరఖాస్తులు పంపుకునేది.

దసరా వచ్చింది. హాస్టల్ మొత్తం ఖాళీ అయింది. వంట చేసే రాజమ్మ కూడా ఊరికి పోయింది. స్వాతి ఇంటికి ఫోన్ చేసి, "పండగ రోజు కూడా డ్యూటీ వేశారమ్మా" అని అబద్ధమాడి ఉండిపోయింది. పండగ మర్నాడే ఒక పెద్ద ఇంటర్వ్యూ ఉంది. ఇదీ పోతే ఇక నిజం చెప్పి ఊరెళ్లిపోవడమే. ఆలోపు తన ముక్క తను తెచ్చేసుకోవాలి. మూడంతస్తుల భవనంలో మిగిలింది ఆమె, గంగమ్మ, గంగమ్మ కత్తెర.

పండగనాటి మధ్యాహ్నం మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. ఇన్నాళ్లూ అలవాటైన ఫ్యాన్ల మోత ఆగిపోయేసరికి భవనమంతా ఊపిరి బిగబట్టినట్టయింది. స్వాతి చెప్పుల్లేకుండా కింది వరండాలోకి దిగింది. కొసన గంగమ్మ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలినుంచి మెల్లగా, లాలనగా మాటలు వినబడుతున్నాయి.

"మమతా, కదలొద్దు. సూది దిగుతాది, రవ్వంత ఓర్చుకో... అఖిలా, నువ్వు ఆ పక్కకి పో. మీ ఇద్దరికీ పడదు... స్వాతీ, నువ్వు కొసన వద్దు. నిన్ను నడుమన పెడతా."

తన పేరు విని స్వాతి తలుపు దగ్గరికి జరిగింది. సందులోంచి చూసింది. గంగమ్మ అటు తిరిగి కూర్చుంది. తలంటి పోసుకున్న జుట్టు వీపంతా పరుచుకుని ఉంది. ఆమె ఒళ్లోంచి ఏదో పొడుగాటి బట్ట జారి, నేల మీద పాకి, మంచం కిందికి పోయింది. ఎదురుగా పీట మీద కత్తెర. కత్తెరకి కుంకుమ. పక్కనే కోసిన నిమ్మకాయ.

గంగమ్మ వెనక్కి తిరగలేదు. "లోపలికి రా స్వాతీ. నీ ముక్క కోసమే గదా వచ్చినావు."

స్వాతి ఒక అడుగు వెనక్కి వేసింది. పారిపోదామనుకుంది గానీ నోరు ముందు పనిచేసింది. "నా ముక్క నాకిచ్చేయండి ఆంటీ! రేపు ఇంటర్వ్యూ ఉంది! ఇదీ పోతే నేను ఊరెళ్లిపోవాలి!"

అనేశాక నాలిక్కరుచుకుంది. గంగమ్మ దారం పంటితో కొరికి, ఇటు తిరిగింది.

"ఉద్యోగం పోయినాదని నాకు తెల్దా? రెండు నెల్ల నుంచి నీ సంచి తేలిగ్గా ఊగుతాంది. లోపల కంప్యూటర్ లేదని సూస్తానే తెలుస్తాది."

"మరి అడగలేదే?"

"అడిగితే నువ్వు అబద్ధం చెప్పాల. ఎందుకులే పాపం అని ఊరకుంటి."

స్వాతికి ఏడుపొచ్చింది. దాన్ని మింగడానికి పీట వైపు చూపించింది. "మరి ఆ కుంకుమ, ఆ నిమ్మకాయ?"

"ఆయుధ పూజ మ్మే! మీ ఇంట్లో బండికి నిమ్మకాయలు తొక్కియ్యరా?"

తొక్కిస్తారు. వాళ్ల నాన్న ఏటా స్కూటరుకి తొక్కిస్తాడు. స్వాతి సిగ్గుతో నేల చూపులు చూసింది.

గంగమ్మ ఆ పొడుగు బట్టని భుజాన వేసుకుని భోజనాల హాలుకి నడిచింది. ఆ చీకటి హాల్లో, ఖాళీ కుర్చీల మధ్య, పొడుగాటి బల్ల మీద ఈ కొస నుంచి ఆ కొసకి పరిచింది. దూది పెట్టి కుట్టిన బొంత. పాత కర్టెన్ గుడ్డ మీద, ఒక్కో కుర్చీకి ఎదురుగా ఒక్కో పిల్ల ముక్క. మమత నీలం చున్నీ, అఖిల పువ్వుల నైటీ, ఎప్పుడో వెళ్లిపోయిన అమ్మాయిల గళ్లూ చారలూ. ఆ మసక వెలుతురులో కుర్చీలన్నిట్లో ఎవరో వచ్చి కూర్చున్నట్టే ఉంది.

"యూట్యూబులో సూసినా. టేబుల్ రన్నర్ అంటారంట. నేను బల్ల బొంత అంటా" అంది గంగమ్మ. "పోయిన దసరాకి ఒక పాప ఒక్కతే మిగిలింది. ఎదురు కుర్చీలకల్లా సూసి, ముద్ద దిగక లేసిపోయింది. ఈ తూరి ఎవురు మిగిలినా ఒంటిగా తినగూడదని కుట్టినా."

"అడిగితే మేమే ఇచ్చేవాళ్లం కదా ఆంటీ!"

"అడిగితే చింకి పాతలిస్తారు. మీరు ఇష్టంగా తొడుక్కునేదాంట్లోది ఇస్తారా?"

నిజమే. ఆ కుర్తా స్వాతి ప్రాణం.

గంగమ్మ ఆమె ముందు కంచం పెట్టి, పండక్కి చేసిన బొబ్బట్లు, తమ వైపు మాటలో ఓళిగలు, రెండు వేసి, నెయ్యి పోసి, బొంత మీదికి వంగి సూది మొనతో నడుమనున్న ముక్క కుట్టు పట్టుకుంది. "నీకు భయమైతే ఇప్పుడే కుట్టు ఇప్పేస్తా. తీసుకొని పో."

స్వాతి ఆ ముక్కని చూసింది. అటు మమత, ఇటు ఎవరో చారల అమ్మాయి. తీసేస్తే ఆ ఇద్దరి మధ్య చిల్లు మిగులుతుంది.

"వద్దు. ఉండనీయండి" అంది. ఓళిగ తుంచి నోట్లో పెట్టుకుంది. ముద్ద దిగింది. రెండోది కూడా దిగాక బల్ల పొడుగునా మళ్లీ చూసి, "ఇందులో మీ ముక్క ఏది ఆంటీ?" అంది.

"నాదేంటికి? నేను వడ్డించేదాన్ని."

స్వాతి లేచి కత్తెర కోసం గది వైపు నడిచింది. గంగమ్మ కొత్త పట్టుచీర కొంగు గభాలున గుప్పిట్లో బిగించుకుంది.

"ఏయ్! పూజలో ఉండాది, ఈ పొద్దు ముట్టగూడదు!"

"మరి సూది?"

"సూది ఆయుధం గాదులే!"

"అయితే రేపు ఇంటర్వ్యూ నుంచి వచ్చాక కోస్తా. పారిపోవద్దు."

గంగమ్మ కొంగు నడుముకి రెండు చుట్లు చుట్టి, బల్ల అవతలికి పోయి నిలబడి బేరం పెట్టింది. "ఉద్యోగం తెచ్చుకో, కొంగులోదే ఇస్తా. రాకపోతే లోపలి మడతలోది."

మర్నాడు సాయంత్రం స్వాతి ఇంటర్వ్యూ నుంచి వచ్చి, ఉద్యోగం రాలేదని తలూపి, కత్తెర కోసం చెయ్యి చాపింది. గంగమ్మ కళ్లు గట్టిగా మూసుకుని లోపలి మడత పట్టి ఇచ్చింది. స్వాతి ఆ ముక్కని తనే కుట్టి, రాత్రికి ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పింది. ఊరికి మాత్రం వెళ్లలేదు.

కొంగు ముక్క కార్తీక మాసంలో దక్కింది. అందుకే ఆ బల్ల బొంతలో అందరివీ ఒక్కొక్కటే గానీ, గంగమ్మవి రెండు.