నూకాలు పెట్టె

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు ఎక్కడానికి వెళ్తుంటే, పక్కనున్న కుర్రాడి ఫోన్‌లోంచి స్టీలు గ్లాసుల మీద చెంచాలతో వాయిస్తున్న చప్పుడు వినిపించింది. ముందు నెమ్మదిగా, తరవాత వంటింట్లో గిన్నెలన్నీ ఎవరో కింద పడేసినట్టు గబగబా. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. రైలు కూడా ఆగింది గానీ, నాకోసం కాదు కనక వెళ్లిపోయింది. అది ‘నూకాలుందిగా!’ సీరియల్ మొదట్లో వచ్చే సంగీతం. ఎనభైల్లో వారానికోసారి సాయంత్రం ఆ చప్పుడు వినబడితే వీధిలో పిల్లలంతా టీవీ ఉన్న ఇంటి గడపలోకి చేరిపోయేవాళ్లు. ఒక కుటుంబంతోపాటే ఆ ఇంట్లో ఉండే పనిమనిషి నూకాలు, ఆమె లేకపోతే కాఫీపొడి డబ్బా ఎక్కడుందో కూడా తెలియని ఇంటివాళ్లు. కథంతా అంతే. కుళాయి కారినా, కళ్లజోడు కనబడకపోయినా, చుట్టాలు చెప్పకుండా దిగినా ఆ ఇంట్లో ఎవరో ఒకరు “నూకాలుందిగా!” అనేవారు, ఊరంతా నవ్వేది. కుర్రాడూ నవ్వుతున్నాడు. నేను మాత్రం మెడ చాచి నూకాలు వెనకున్న గోడను వెతుక్కున్నాను. ఆ గోడకు రంగు వేసింది నేను. వేయించింది మొయిన్ సాబ్.

మొయిన్ సాబ్ ఆ సీరియల్‌కు కళా దర్శకుడు. ఆ హోదా వింటే శాలువా కప్పుకుని కూర్చునే మనిషి అనిపిస్తుంది గానీ, ఆయన భుజం మీద ఎప్పుడూ ఉండేది రంపపు పొట్టే. మా ఆఫీసు అమీర్‌పేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ పై అంతస్తులో ఉండేది. షూటింగ్ మాత్రం పంజాగుట్టలో ఒక పాత ఇంటి పెరట్లో వేసిన రేకుల షెడ్డులో. డ్రాయింగ్ పరీక్షలు పాసయిన ధైర్యంతో నేను ఉద్యోగం అడగడానికి వెళ్తే, ఆయన చెక్క చిత్రిక పడుతూ తలెత్తకుండానే అడిగాడు.

“ఏమొస్తది బేటీ నీకు?”

“లోయరు, హయ్యరు రెండూ పాసయ్యానండి.”

“లోయరంటే కింద కూసోని గీసుడు, హయ్యరంటే నిచ్చెనెక్కి గీసుడా? నిచ్చెనెక్కుతవా మరి?”

“ఎక్కుతానండి.”

“దిగుడు సుత రావాలె.”

మొదటిరోజే ఎక్కాను. దిగడం రాలేదు. లైట్లవాళ్లు ఇద్దరు పట్టుకుని దింపుతుంటే, నేనక్కడ సెట్ అవుతానని నాతో సహా ఎవరూ అనుకోలేదు. మొయిన్ సాబ్ మాత్రం “నిచ్చెనకు ఫికర్ లేదు, పిల్లకే ఉన్నది,” అని చాయ్ తెప్పించాడు.

ఆయన పనిచేసే తీరు వేరు. వేరే చోట్ల ముందు గోడలు లేపి తరవాత సామాను సర్దుతారు. ఆయన ముందు సామాను పరిచేవాడు. తాతగారి ఊతకర్ర ఎటు ఆనించి ఉంటుంది, కోడలు చీర మడతలు ఎక్కడ పెడుతుంది, పిల్లాడు చెప్పులు ఎక్కడ విసురుతాడు అని ఒక్కొక్కటీ నేలమీద పెట్టి, అవి కుదిరాక వాటి చుట్టూ గోడలు కట్టించేవాడు. నూకాలు కోసం పాత సామాన్లమ్మే జుమేరాత్ బజారు నుంచి ఒక పాత రేకు పెట్టె మోసుకొచ్చాడు. ఆకుపచ్చ రంగు, మూత మీద వెలిసిపోయిన గులాబీలు. దాన్ని వంటింటి తలుపు వెనక పెట్టించి, తాళంకప్ప నా చేతిలో పెట్టాడు.

“నూకాలు ఏం దాచుకుంటదో సోచాయించి అవే పెట్టు. తాళమెయ్యి. చెవి నీ దగ్గరే ఉంచు. ఎవరికీ చెప్పకు, నాకు సుత.”

“మీక్కూడానా?”

“నేనెవర్ని? పెట్టె నాదా?”

“అసలు ఆ మూల కెమెరాకు కనబడదు కదండీ.”

“కెమెరాకు కనబడకుంటే ఏమాయె? సరోజమ్మకు కనబడ్తది గద.”

సరోజ అంటే నూకాలు వేషం వేసిన నటి.

నాకు నిజంగానే కుతూహలం పట్టుకుంది. పరాయి ఇంట్లో ఉండే మనిషి తనదంటూ ఏం దాచుకుంటుంది? మేం అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఒక డాక్టరుగారి కుటుంబం ఉండేది. వాళ్లింట్లోనే ఉంటూ పనిచేసే సత్తెమ్మను పట్టుకున్నాను.

“సత్తెమ్మా, నీ పెట్టెలో ఏం దాచుకుంటావు?”

“గదెందుకు నీకు?”

“టీవీ కోసం.”

“మంచిగున్నది! ముందుగాల నీ బీరువా తెరిచి సూపియ్యి. నీది నేను సూస్త, ఎనుక నాది నువ్వు సూద్దువు.”

నా బీరువాలో ఏమేం ఉన్నాయో ఒక్కసారి తలచుకున్నాను. వెంటనే నాకు అర్జంటు పనేదో గుర్తొచ్చింది. ఇక ఊహతోనే పెట్టె నింపి, తాళం వేసి, చెవిని నా కంపాస్ పెట్టెలో దాచాను.

షాట్ల మధ్య సరోజ ఆ పెట్టె మీదే కూర్చుని టీ తాగేది. మొదట్లో అదొక పీట, అంతే. కొన్నాళ్లకు లైట్ల కుర్రాడు దానిమీద టిఫిన్ పొట్లం విప్పబోతే, “నా పెట్టె మీద వద్దు నాయనా, నూనె మరకలవుతాయి,” అంది. మొయిన్ సాబ్ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

అప్పుడొచ్చింది ఉంగరం కథ. మా దర్శకుడు ప్రసాద్‌గారు కృష్ణా జిల్లా మనిషి, మాటకారి, రచయిత కూడా ఆయనే. ఇంట్లో ఉంగరం పోతుంది. అందరూ నూకాలు పెట్టె బద్దలుకొడతారు. అందులోంచి తాతగారి పళ్లసెట్టు, పిల్లాడి బొంగరం, ఇంటాయన ఒంటి మేజోడు బయటికొస్తాయి, ఉంగరం తప్ప. ఆయన చదువుతుంటే షెడ్డంతా నవ్వింది. గట్టిగా నవ్వినదాన్ని నేనే. మొయిన్ సాబ్ చిత్రిక ఆపాడు.

“పెట్టె తెరిచేది లేదు ప్రసాద్‌గారూ.”

“ఏంటండీ సాబ్? అది మనం కొన్న పెట్టే కదా!”

“కొన్నది మనమే. పెట్టె నూకాలుది.”

“నూకాలు ఎక్కడుందండీ? ఆవిణ్ణి రాసిందే నేను!”

“రాసిండ్రు. ఇగ ఉన్నది.” ఆయన గొంతు పెంచలేదు. “తెరవాలంటే తెరవుండ్రి. రేపటి నుంచి నేను రాను,” అని బయటికి నడిచాడు.

ఎల్లుండి షూటింగ్. ఆ వారం టేపు అందకపోతే సీరియల్ ఆపేస్తామని పైవాళ్లు ముందే చెప్పి ఉన్నారు. నూకాలుకు నూకలు చెల్లినట్టే. మొయిన్ సాబ్ వెళ్లిపోతే, నిచ్చెన దిగడం రాని అమ్మాయిని అక్కడ ఎవరూ ఉంచుకోరు. ప్రసాద్‌గారు చెయ్యి చాచారు. “అమ్మాయ్, తాళంచెవి ఇటివ్వు.” నేను కంపాస్ పెట్టెను గుండెకు అదుముకుని, ఒక్క నిమిషమని బయటికి పరుగెత్తాను. మొయిన్ సాబ్ గేటు పక్కన నిలబడి సిగరెట్ వెలిగించుకుంటున్నాడు.

“ఒక్క సీనే కదా సాబ్. అంత పట్టింపెందుకు?”

ఆయన పుల్ల ఆర్పి కింద పడేశాడు.

“మా అమ్మీ బంజారా హిల్స్‌ల ఒక బంగ్లాల పనికుండె. నేను సుత ఆడనే పెరిగిన. ఇంట్ల చెంచా పోతే ముందు మా పెట్టె తెరుస్తుండిరి. చెంచా ఎన్నడు దొరకలె బేటీ. అమ్మీ బట్టలు మాత్రం అందరు చూసిండ్రు.”

సిగరెట్ కాలిపోతోంది గానీ ఆయన తాగడం లేదు. ఓదార్పు మాటలు వెతికే బుర్రలో సత్తెమ్మ మాట తగిలింది. లోపలికి వెళ్లి ప్రసాద్‌గారి ముందు నిలబడ్డాను. “ముందు బీరువాలు వెతికితే ఎలా ఉంటుందండీ? ఇంట్లో అందరివీ. నూకాలుది ఆఖర్న.”

“ఉంగరం పోతే ఎవరైనా తమ బీరువా వెతుక్కుంటారా అమ్మాయ్?”

“వెతుక్కోరండి. అందుకే నవ్వొస్తుంది.”

ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూశారు. తరవాత కలం మూత తీశారు.

అనుకున్న రోజే షూటింగ్ జరిగింది. మొయిన్ సాబ్ వచ్చాడు. వస్తాడో రాడోనని నేను పొద్దున్నే గేటు దగ్గర కాపలా కాస్తే, “నువ్వు వాచ్‌మన్ పనికి సుత పాసయినవా?” అంటూ లోపలికి నడిచాడు. కెమెరా ముందు నూకాలు కొంగు దోపుకుని, “వెతకండి బాబూ, పెద్దోళ్లనుంచి మొదలెట్టండి,” అంది. మధుమేహం ఉన్న తాతగారి దిండు గలీబులోంచి బెల్లం గవ్వలు రాలాయి. కోడలి బీరువాలో, కొనలేదని చెప్పిన చీర దొరికింది. పిల్లాడి పుస్తకాల అడుగున, మార్కుల కార్డు మీద, తండ్రికే తెలియని తండ్రి సంతకం దొరికింది. ఒకరినొకరు కేకలేసుకుని, అలసిపోయి, అందరూ వంటింటి తలుపు వెనక్కి చేరేసరికి ఎవరూ ఎవరి ముఖంలోకీ చూడటం లేదు. షాట్ కోసం నా దగ్గర తీసుకున్న తాళంచెవిని నూకాలు అందించబోయింది. ఇంటాయన దానివైపు చూసి, “వద్దులే నూకాలూ,” అన్నాడు. సీను అక్కడితో అయిపోవాలి. కానీ సరోజ మెల్లగా వెళ్లి పెట్టె మీద కూర్చుంది. “ఈసారి ఉంగరం పోతే ఉంగరాన్ని వెతకండి బాబుగారూ,” అంది. అది కాగితం మీద లేని మాట. ప్రసాద్‌గారు ‘కట్’ చెప్పడం మరిచిపోయారు. సెట్టు వెనక నేనూ మొయిన్ సాబ్ ఊగుతున్న గోడను భుజాలతో ఆపి నిలబడ్డాం. ఆయన ముఖం గోడవైపు ఉంది. గోడ ఊగడం ఆగిపోయాక కూడా ఆయన భుజం తీయలేదు.

ఆ తరవాత ఊరంతా ఒకటే ప్రశ్న. పెట్టెలో ఏముంది? కూరగాయల దుకాణంలో అడిగారు, ఇంటి ఓనరు అడిగాడు, మా అమ్మ అన్నం పెట్టడం ఆపి మరీ అడిగింది. బల్కంపేట గుడి ముందు కలిసిన సత్తెమ్మ మాత్రం అడగలేదు. “మంచిగ జేసిండ్రు,” అని ఊరుకుంది. సీరియల్ ముగిసినప్పుడు సరోజ ఆ పెట్టెను అడిగి తీసుకుంది. చెవి కూడా ఇచ్చేశాను. తెరిచిందో లేదో తెలియదు.

కొన్నేళ్లకు మొయిన్ సాబ్ పని మానేశాడు. ఆఖరిరోజు షెడ్డులో ఏదో సెట్టు గోడలు విప్పుతున్నాం. మేకులు పీకుతూ పీకుతూ హఠాత్తుగా ఆగాడు.

“బేటీ, ఇప్పుడన్న చెప్పు. ఏం పెట్టినవ్ అండ్ల?”

పరీక్ష కాదది. నిజంగానే తెలుసుకోవాలని ఉంది ఆయనకు, మిఠాయి దుకాణం ముందు నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాయి కళ్లు. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా.

“నూకాలును అడగాలి సాబ్.”

ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. చేతిలోని సుత్తి తిప్పి, పిడి నావైపు పెట్టి అందించాడు. “ఇగ నీకు పని వచ్చింది, పో.”

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు నేను తాళంకప్పలు ఇస్తుంటాను. చేతిసంచి, సొరుగు, పాత సూట్‌కేసు, ఏదైతేనేం, సెట్టులో ఉన్న ప్రతి మనిషికీ ఒకటి. లోపల ఏం పెట్టారో తెలుసుకోవాలని ఈ వయసులోనూ నాకు ప్రాణం లాగేస్తుంది. అడగను. కెమెరా పక్కన నిలబడి, ఆ నటుడో నటీమణో దాని దగ్గరికి వచ్చేటప్పుడు అడుగు ఎలా వేస్తారో చూస్తాను. లోపల ఏదో ఉంటే ఆ అడుగు కాస్త నెమ్మదిస్తుంది.