దండెం తుడిచే బాపు

జనగామకు వచ్చేశాక కూడా, ఆ మనిషి మీద నాకున్నది కోపమో ప్రేమో తేల్చుకోలేకపోతున్నాను.

భూపాలపల్లిలో మేం అద్దెకున్న ఇంటి యజమాని ఆయన. అందరిలాగే నేనూ బాపు అనేదాన్ని. పొద్దున్నే తడిబట్టతో దండెం తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచేవాడు. బొగ్గు లారీలు మా వీధిలోంచే పోయేవి. తుడవకుండా ఆరేస్తే మా బాబు చొక్కాల మీద నల్లటి గీత పడేది. తుడిచాక మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో షేర్ల ధర చూసుకునేవాడు. ఆ లారీల్లో బొగ్గు పంపే కంపెనీలోనే ఆయనకు షేర్లుండేవి.

కంపెనీ మొక్కలు నాటిన ఫొటో పేపర్లో వచ్చిన రోజు షేరు పెరిగింది. బాపు మాకు మిర్చీబజ్జీలు తెచ్చాడు. తర్వాత, లారీలు మానేసి దుమ్ము లేవకుండా పైన మూత ఉన్న కన్వేయర్ బెల్టు మీద బొగ్గు పంపుతామని కంపెనీ ప్రకటించింది. బొగ్గు దుమ్ముకు రాత్రంతా దగ్గిన బాబును ఎత్తుకుని ఆ వార్త మళ్లీ మళ్లీ చదివాను. షేరు మాత్రం పడిపోయింది.

"గా బెల్టుకు మస్తు ఖర్సట బిడ్డా. లాభం తగ్గుతదని అందరు అమ్ముతున్నరు. నేను గూడ అమ్మిన."

"నువ్వు గూడనా బాపు? వీని దగ్గు రోజు వింటనే ఉన్నవు గద!"

"నేనొక్కన్ని ఉంచుకుంటె బెల్టు వస్తదా?"

కొన్నాళ్లకు బెల్టు పని వాయిదా వేశామని కంపెనీ చెప్పింది. షేరు మళ్లీ లేచింది. మర్నాడు ఆయన దండెం తుడుస్తుంటే, తడిబట్టల బకెట్‌తో వెళ్లి అడిగాను.

"మళ్ల కొన్నవా బాపు?"

ఆయన నావైపు చూడలేదు. తుడిచిన తీగనే మళ్లీ తుడిచాడు.

"తీగ ఇంక తడిగుంది బిడ్డా. జర ఆగి ఆరెయ్."