అచ్చు కాగితంలో లేని పని

ఈ రోజు మధ్యాహ్నం మా వంటింట్లో ఒక సీసా పేలింది. అది అల్లం బీరు. మత్తేమీ ఉండదు కానీ, మద్యనిషేధం రోజులు కాబట్టి ఆ పేరు గట్టిగా పలకను. అల్లం పొడి, ఈస్టు, బిరడాలు, చేసే విధానం అచ్చువేసిన కాగితం, ఇవన్నీ ఉన్న పెట్టెను నా భార్య ఏటా ఎండాకాలానికి మద్రాసు నుంచి తెప్పించేది. ఈసారి పెట్టె ఆమె పోయిన తర్వాత వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల స్టేషనుకు పోయి తెచ్చుకున్నాను. కాగితంలో ఉన్నట్టే ఆరు సీసాలు నింపి, బిరడాలు దారంతో గట్టిగా కట్టాను.

చప్పుడు విని పక్కింటి సుబ్బమ్మక్క గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏందప్పా, తుపాకీ పేలుస్తాండావా?"

"అల్లం బీరు సీసా పగిలిందక్కా. కాగితంలో ఉన్నట్టే చేసినా."

"పగలక ఏం జేస్తాది? నీ పెండ్లాము దినామూ పొద్దున్నే బిరడాలు రోంత వదులు జేసి మళ్లా బిగిస్తాండె. నువ్వెప్పుడూ చూడ్లేదా?"

"లేదు."

"యాడ చూస్తావులే. పేపర్లో తల పెట్టుకోని కూచుంటాంటివి."

నిజమే. మిగిలిన ఐదు బిరడాలు ఒక్కొక్కటే వదులు చేశాను. లోపల నిండిన గ్యాసు బయటికొస్తూ ప్రతి సీసా చిన్నగా బుస్సుమంది. పదకొండు ఎండాకాలాలు ఆ బీరు తాగాను. ఆ చప్పుడు వినడం ఇదే మొదలు.

ఎల్లుండికి సీసాలు సిద్ధమవుతాయి. నేను ఒకటి కంటే ఎక్కువ తాగలేను. ఆళ్లగడ్డలో ఉన్నవారెవరైనా ఆ సాయంత్రం మా ఇంటికి రండి. పేపరు తీసి పక్కన పెడతాను.