ఉడుత తలుపు తీసిన రోజు

తలుపు చప్పుడైతే హడలిపోయే పిల్లను తలుపుల షాపులో పనికి పెట్టుకున్న తెలివైనవాణ్ణి నేనే. కొనడానికొచ్చిన ప్రతివాడూ ముందు తలుపు మీద ఠకఠకా కొట్టి చూస్తాడు. కర్ర గట్టిదో కాదో ఆ చప్పుడు చెప్తుందట. పాతికేళ్ళుగా అమ్ముతున్నాను, నాకైతే ఏనాడూ ఏమీ చెప్పలేదు. మొదటిరోజు ఒకాయన అలా కొట్టాడో లేదో, ఈ పిల్ల ఎగిరి బల్లకింద దూరింది. ఆ పూటే దానికి ఉడుత అని పేరు పెట్టేశాను.

దాని సంగతి తర్వాత తెలిసింది. నా అన్నవాళ్ళు లేరు. ప్రభుత్వం వాళ్ళు పెంచమని ఒక ఇంట్లో పెట్టడం, కొన్నాళ్ళకి తీసి ఇంకో ఇంట్లో పెట్టడం. అలా ఏడిళ్ళు. ప్రతిసారీ ముందు తలుపు చప్పుడు, వెనకే ఫైలు పట్టుకున్న ఆఫీసరమ్మ, "సంచీ తీసుకో తల్లీ, వెళ్దాం." నాలుగో ఇంట్లో ఏం జరిగిందో అది చెప్పలేదు, నేను అడగలేదు. పద్దెనిమిది నిండాయని ఇప్పుడు బయటికి పంపేశారు. షాపు మేడమీద గదిలో అద్దెకుంటోంది. వచ్చి మూడు వారాలైనా సంచీ విప్పలేదు.

"విప్పితే మళ్ళీ సర్దాలిగా బాబాయ్" అంది. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో మాత్రం తెలియదు.

భయమేస్తే కళ్ళెదుట ఉన్న అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పుకోమని మనసు డాక్టరమ్మ చెప్పిందట. మంచి ఉపాయమే. కానీ మా షాపులో ఏముంటాయి? "తలుపు, తలుపు, తలుపు, తలుపు, తలుపు" అని బల్లకింద నుంచి ఒకటే జపం. ఒక ముసలాయన వంగి చూసి, "అయిదెందుకమ్మా, నాకొకటి చాలు" అన్నాడు. ఉడుత నవ్వుతూ బయటికొచ్చి ఆ ఒకటీ అమ్మేసింది.

అసలు గండం వేరే ఉంది. నెల తిరిగేలోగా ఆఫీసరమ్మ వచ్చి చూస్తుంది. ఒంటరిగా ఉండగలదనిపిస్తేనే గది, లేదంటే హాస్టలు. ఉడుతకి గది కావాలి. తలుపు తీయాలంటే మాత్రం ప్రాణం పోతోంది.

ఆమె వచ్చేసరికి నేను ఆ గదిలోనే కిటికీ గడియ బిగిస్తున్నాను. ఠక్ ఠక్. ఉడుత మంచం కిందికి దూరబోయింది, అక్కడ సంచీ అడ్డం. నేను తలుపు తీద్దామని కదిలితే చెయ్యి పట్టుకుని ఆపింది.

"తలుపు" అంది చుట్టూ చూస్తూ. "బకెట్టు. సంచీ. బాబాయ్. బాబాయ్ బొజ్జ."

"అది వేరే వస్తువు కాదే!"

"వేరేగానే కనిపిస్తోంది" అని వెళ్ళి తలుపు తీసింది. అలవాటు పాడుగాను, "అసలైన టేకు మేడం, చెద పట్టదు" అనేసింది.

ఆఫీసరమ్మ తెల్లబోయింది. గడపవతలే నిలబడి, "లోపలికి రావచ్చా?" అంది.

ఏడిళ్ళలో ఆ మాట దాన్నెవరూ అడగలేదు. ఉడుత "ఒక్క నిమిషం ఆగండి" అని ఆమె మొహం మీదే తలుపు వేసేసింది. ఇక హాస్టలే అనుకున్నాను. అది మాత్రం సంచీ బయటికి లాగి, బట్టలన్నీ అలమరాలో కుక్కి, ఖాళీ సంచీ నా చేతిలో పెట్టింది.

"ఇది నువ్వు తీసుకుపో బాబాయ్" అని మళ్ళీ వెళ్ళి తలుపు తీసింది.

"ఇప్పుడు రండి."