అమావాస్య నాడు గ్రామసభ

పోయిన వారం మైకు కట్టిన ఆటో ఒకటి మా వీధిలోకి వచ్చి, రాబోయే అమావాస్య నాడు పొద్దున గ్రామసభ ఉందని, అందరూ తప్పకుండా రావాలని చెప్పుకుంటూ పోయింది. మా మేడ మీద వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి, వాళ్లాయనకు ముత్తుకూరు దగ్గర కరెంటు ప్లాంటులో ఉద్యోగం, గబగబా మెట్లు దిగి వచ్చి, ఏ ఊళ్లోనైనా అమావాస్య నాడు సభ పెట్టుకుంటారా పిన్నీ అని ఆశ్చర్యపోయింది. పొయ్యి మీద పాలున్నాయి కనుక అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ నవ్వు వెనక ఎంత కథ ఉందో నా వయసు వాళ్లు చెబితేనే బాగుంటుంది.

పంచాయతీల్లో ఆడవాళ్లకు సీట్లు కేటాయించిన కొత్తల్లో మా వార్డు ఆడవాళ్లకు వచ్చింది. మా మామగారు ఇంట్లో ఎవరినీ అడక్కుండా, నన్నయితే అసలే అడక్కుండా, నా పేరు ఇచ్చేశారు. గెలిచానన్న సంగతి కూడా ఆయనే వచ్చి మా అత్తగారికి చెబితే, ఆవిడ వంటింట్లోకి వచ్చి నాకు చెప్పింది. పంచాయతీ ఆఫీసులో మగవాళ్లందరూ కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకుంటుంటే, ఆడ మెంబర్లం వాకిలి పక్కన చాప మీద కూర్చునేవాళ్లం. సంతకాల వేళకు ఎవరో ఒకరు పిలిచేవారు, చేసి ఇంటికి వచ్చేసేదాన్ని. అందులో అవమానమేదో ఉందని నాకు అప్పటికి తోచనే లేదు, పైగా ఆ పూటకు వంటపని తప్పిందని సంతోషం.

ఆ చాప మీదే నాకు పాలెం అక్క దగ్గరైంది. పాలెమంటే మా ఊరికి ఆనుకుని సముద్రం ఒడ్డున ఉన్న చేపలు పట్టేవాళ్ల పేట. అక్క ఆ వార్డు మెంబరు, మా వీధిలో ఇంటింటికీ చేపలు అమ్మేది కూడా ఆమే. గంప బయట గోడ పక్కన దించి, కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వచ్చేది. పాలెంలో ఎక్కడ తవ్వినా ఉప్పనీళ్లేనని, ఆడవాళ్లు బిందెలతో మా చేల దగ్గరి మోటారు దాకా నడిచి వచ్చి మంచినీళ్లు పట్టుకుంటారని, కరెంటు లేని రోజున ఉత్త బిందెలతో తిరిగి పోతారని ఆమె చెబితేనే నాకు తెలిసింది. ఆ చేలల్లో మావి కూడా ఉన్నాయి.

ఆ ఏడే ఊరికి ఒక నీళ్ల ట్యాంకు వచ్చింది. ఎక్కడ కట్టాలో గ్రామసభలో తేల్చాలి. మా పెద్ద వీధిలో అప్పటికే కుళాయిలున్నా, ట్యాంకు కూడా ఇక్కడే పడుతుందని అందరికీ తెలుసు, ఎందుకంటే సభకు వచ్చేది మా వీధి వాళ్లే. పాలెం వాళ్లకు ఊరి సంగతులు పట్టవని మావాళ్లు తీసిపారేసేవారు. ఆ మాటే నేను అక్కతో అంటే ఆమెకు కోపం వచ్చింది. సభ పెట్టే వేళకు మగవాళ్లు పడవలు ఒడ్డుకు చేర్చే పనిలో ఉంటారట, ఆడవాళ్లు గంపలెత్తుకుని మా ఇళ్ల ముందే తిరుగుతుంటారట. పాలెంలో వల ముట్టని రోజు అమావాస్య ఒక్కటే.

“ఆ ఒక్కనాడు పెట్టమనుమ్మా, పాలెం పాలెమంతా కదిలొస్తాది” అంది.

మామగారితో నేరుగా మాట్లాడే అలవాటు నాకు లేదు కనుక సంగతి అత్తగారి చెవిన వేశాను. ఆవిడ ఆయనకు అన్నం వడ్డిస్తూ కదిపింది. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, పెద్దలకు నీళ్లు వదులుకునే రోజున ఎవరైనా కొత్త పని మొదలుపెడతారా, ఊరికి అరిష్టం కాదూ అని గట్టిగా కసురుకున్నారు. అత్తగారు మజ్జిగ పోస్తూ, తలెత్తకుండా అంది:

“అమావాస్య నాడు మనుషులకి దప్పిక గాదా ఏంది?”

ఆయన మజ్జిగన్నం ముగించి చెయ్యి కడుక్కున్నారు. సర్పంచి ఆయనకు వేలు విడిచిన తమ్ముడే, పిలిపించి సభ ఆ రోజే పెట్టమని చెప్పారు. ఎలాగూ ఎవరూ రారులే అన్న ధీమా కూడా వాళ్లకు ఉండి ఉంటుంది.

అమావాస్య వచ్చింది. మా వీధి పెద్దలు తర్పణాలు ముగించుకుని ఆలస్యంగా, సణుక్కుంటూ వచ్చేసరికి ఆఫీసు వసారా నిండిపోయి పాలెం జనం రోడ్డు మీద నిలబడి ఉన్నారు. నాకు పట్టరాని సంతోషం వేసింది, అది కాస్తా వెంటనే నీరుగారిపోయింది. పాలెంలో సభంటే అందరి తరఫునా పెద్ద ఒక్కడే మాట్లాడాలి, ఆడవాళ్లు నోరెత్తితే తప్పు వేసి జరిమానా కట్టిస్తారు. ఆ పెద్దాయన లేచి, ట్యాంకు మీ ఇష్టం, మాకు మాత్రం వలలు ఆరేసుకోవడానికి ఒక షెడ్డు వేయించండి చాలు అన్నాడు. నీళ్లు మోసేది ఆయన కాదు కదా, ఆయనకు తోచింది ఆయన అడిగాడు. అక్కా నేనూ ఈ సంగతి ముందే ఎందుకు ఆలోచించలేదో ఇప్పటికీ తెలియదు. సర్పంచి ముఖం విప్పారింది.

అప్పుడు అక్క చాప మీంచి లేచింది. ఆమె చీర కుచ్చిళ్లు నా భుజానికి రాసుకున్నాయి.

“వలలకి నీడ కావాల్సిందే మామా, కాదన్ను. నువ్వు తాగే నీళ్లు యాడ్నించి వస్తుండాయో ఒక్కనాడన్నా అడిగినావా?”

ఆమెకు తప్పు వేస్తారని, పాలెంలో ఎవరూ ఆమెతో మాట్లాడరని నాకు భయం వేసింది. పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

“నీళ్లే పెట్టించండయ్యా. వలలు ఎండకేం చావవులే” అన్నాడు.

పాలెంలో ట్యాంకు కావాలనేవాళ్లు చేతులెత్తమన్నారు. మగవాళ్లు ఎత్తారు. ఆడవాళ్ల చేతులు చెవి దాకా లేచి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని అక్కడే ఆగాయి. ఎదురు కుర్చీలో మా మామగారు ఉన్నారు. ఆయన ముందు నేను ఏనాడూ తలెత్తి నిలబడలేదు. అయినా చెయ్యెత్తాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే కాఫీ అడిగేదాకా నాకు ఊపిరి ఆడలేదు.

ట్యాంకు పాలెంలోనే కట్టారు, అక్కకు తప్పూ వేయలేదు. ఆనాటి నుంచి మా ఊళ్లో గ్రామసభ అమావాస్య నాడే జరుగుతోంది. ఇప్పుడు అందరికీ కుర్చీలున్నాయి, ఫ్యాన్లున్నాయి, పాలెంలో పుట్టి డిగ్రీ చదివిన పిల్ల సర్పంచి. జనం మాత్రం తగ్గారు, వచ్చినవాళ్లలో సగం మంది ఫోన్లలో తల దూర్చుకుని ఉంటారు. మేము అంత భయపడి సంపాదించుకున్నది వీళ్లకు ఇంత తేలికైపోయిందే అని ఒక్కోసారి ఉసూరుమంటుంది. తేలిక కావాలనే కదా మేం కోరుకున్నది అని మళ్లీ నాకు నేనే సర్దిచెప్పుకుంటాను.

నిన్న సభకు అక్కా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. పోర్టు పనులకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఊరి చివర రేకుల షెడ్లలో ఉంటున్న కూలీలకు కుళాయి వేయాలా వద్దా అన్నది మాట. ఇవాళ ఉండి రేపు పోయేవాళ్లు, ఇక్కడ ఓటు కూడా లేదు, వాళ్లకెందుకన్నారు కొందరు. ఆ షెడ్ల ఆడవాళ్లు మాటలు అర్థంకాక గుమ్మం బయటే నిలబడి ఉన్నారు. కుళాయి వేయాలనేవాళ్లను సర్పంచి చేతులెత్తమంది. ఎన్నో ఏళ్లు గంప పట్టుకున్న అక్క చెయ్యి ఇప్పుడు పైకి లేవదు. నేను ఒక చేత్తో ఆమె మోచేతిని ఎత్తి పట్టుకుని, నా రెండో చెయ్యి పైకెత్తాను. మమ్మల్ని చూసి గుమ్మం బయట ఒకామె, ఏం అర్థమైందో ఏమో, తనూ చెవి దాకా చెయ్యెత్తింది. ఓటు లేని చెయ్యి లెక్కలోకి రాదని ఎవరో గొణిగారు. సర్పంచి పిల్ల ఆ మాట వినిపించుకోకుండా ఆ చెయ్యి కూడా లెక్కపెట్టింది. మా రోజుల్లో అలా లెక్కపెట్టేవాళ్లు ఒక్కరున్నా, మేం ఇంకా ముందే నోరు తెరిచి ఉండేవాళ్లం.